మా ముత్తవ్వ పేరు రిజిస్టర్‌లో లేదు

ఈ ఎపిసోడ్ చెంగిచెర్లలో మా ఇంటి డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో బస్సు హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఆర్టీసీ డిపో దగ్గరే ఉంది. ఇన్ని రోజులు కాకతీయులు, కుతుబ్‌షాహీలు, కోటలు, యుద్ధాలు చెప్పుకున్నాం కదా. ఈసారి రాజులు లేరు. ఈసారి మా ఇంటి సంగతి. చెప్పాలా వద్దా అని మూడు నెలలు ఆలోచించాను. ఎందుకు అన్ని నెలలు పట్టిందో మీకే తెలుస్తుంది, చివరిదాకా వినండి.

ఇది మొదలైంది అమెరికాలో. మా అక్క, అంటే మా పెద్దమ్మ కూతురు, ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం చేస్తుంది. ఒకరోజు వీడియో కాల్‌లో వాళ్ళ ఆఫీసులో ఒకామె గురించి చెప్పింది. ఆమె తన వంశవృక్షం వెతుక్కుంటూ పోయిందట. మూడు వందల ఏళ్ల కింద వాళ్ళ ముత్తవ్వకు ముత్తవ్వ ఒకామె క్వేకర్ మినిస్టర్ అని తేలిందట. మినిస్టర్ అంటే మంత్రి కాదు. సభలో లేచి నిలబడి దేవుడి మాట చెప్పే మనిషి. ఊళ్లు తిరిగిందట, ఎక్కడెక్కడ మాట్లాడిందో, ఏ సంవత్సరం పోయిందో అంతా రాసి ఉందట. ఆఫీసులో అందరికీ చూపించుకుని మురిసిపోయిందని మా అక్క నవ్వుతూ చెప్పింది.

నాకు ముందు క్వేకర్ అంటే ఓట్స్ డబ్బా మీద ఉండే టోపీ తాతే గుర్తొచ్చాడు. మీకూ అంతే అయ్యుంటుంది. ఆ ఓట్స్ కంపెనీకీ ఈ సమాజానికీ పేరు తప్ప ఇంకే సంబంధమూ లేదు. అసలు సంగతి ఇది. 1650ల ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన చెప్పింది ఏమిటంటే, దేవుడి వెలుగు ప్రతి మనిషిలోనూ ఉంది, దాన్ని అందుకోవడానికి మధ్యలో పూజారి అక్కర్లేదు అని. వాళ్ళ ఆరాధన చాలా విచిత్రంగా ఉంటుంది. అందరూ ఒక గదిలో చుట్టూ కూర్చుంటారు. పాట లేదు, ప్రసంగం లేదు, నిశ్శబ్దం. ఎవరికైనా లోపల నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్తారు, కూర్చుంటారు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ మాట ఆడమనిషికి వచ్చినా సరే, మగమనిషికి వచ్చినా సరే.

అది చిన్న విషయం కాదు అప్పట్లో. మార్గరెట్ ఫెల్ అనే ఆమె 1666లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించింది. సభలో ఆడవాళ్ళు మాట్లాడటం ఎందుకు న్యాయమో, బైబిల్‌లోని మాటలతోనే వాదించింది. అప్పుడు ఆమె లాంకాస్టర్ జైల్లో ఉంది. మేరీ డయర్ అనే ఇంకో క్వేకర్ ఆమెను అమెరికాలో బోస్టన్ నుంచి తరిమేస్తే, రావద్దన్నా మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1660 జూన్ 1న ఉరి తీశారు. తర్వాత 1682లో విలియం పెన్ అనే క్వేకర్ ఫిలడెల్ఫియా నగరం వేశాడు. మా అక్క ఉండేది ఆ చుట్టుపక్కలే.

క్వేకర్లలో నాకు అసూయ పుట్టించింది ఇంకోటి ఉంది. వాళ్ళు రాసిపెట్టుకుంటారు. పుట్టుక, పెళ్లి, చావు, ఎవరు ఏ ఊరు మారారు, ఎవరిని మినిస్టర్‌గా గుర్తించారు, అన్నీ మీటింగ్ మినిట్స్‌లో ఎక్కిస్తారు. వాళ్ళలో మినిస్టర్ అంటే జీతం ఇచ్చి పెట్టుకునే పాస్టర్ కాదు. ఈమెకు ఆ వరం ఉంది అని సభ గుర్తించి పుస్తకంలో పేరు రాస్తుంది, అంతే. ఆ పుస్తకాలన్నీ ఫిలడెల్ఫియా పక్కన స్వార్త్‌మోర్, హేవర్‌ఫర్డ్ కాలేజీల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అందుకే మా అక్క ఆఫీసు ఆమెకు మూడు వందల ఏళ్ల వెనక్కి దారి దొరికింది.

నాకు మా తాత తండ్రి పేరు దాటితే చీకటే. మీలో ఎంతమందికి తెలుసో చెప్పండి, నిజంగా.

ఆ రోజు రాత్రి అన్నం తినేటప్పుడు మా నాయనమ్మకు ఈ కథ చెప్పాను. నాయనమ్మకు ఎనభై ఆరేళ్ళు. చెవులు కొంచెం మందం, జ్ఞాపకం మాత్రం పదును. నేను చెప్పిందంతా విని, పెరుగన్నం కలుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నది: "దాంట్ల ఏముంది బిడ్డా, మా అవ్వ గూడ జెప్పేది గద వాక్యం. ఊరూరు దిరిగి జెప్పేది. బైబిలమ్మ అనేటోళ్ళు."

ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు అడిగినవా?" అన్నది.

మర్నాడు నాయనమ్మ పెట్టె తీసింది. ఆకుపచ్చ రేకు పెట్టె, మా తాత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పనికి కుదిరినప్పుడు నల్లగొండ నుంచి తెచ్చుకున్నది. పాత చీరల కింద ఒక గుడ్డసంచి, సంచిలో ఒక పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. తెలుగు కొత్త నిబంధన. చివర ఉన్న ఖాళీ కాగితం మీద పెన్సిల్‌తో ఊళ్ల పేర్లు, ఒకదాని కింద ఒకటి. ప్రతి ఊరి పక్కన చిన్న చిన్న గీతలు. కొన్ని ఊళ్లకు మూడు గీతలు, కొన్నింటికి పది, పదిహేను. పోయినప్పుడల్లా ఒక గీత. అది మా ముత్తవ్వ చేతిరాత. ముత్తవ్వ అంటే ఇక్కడ మా నాయనమ్మ వాళ్ళమ్మ.

ఇప్పుడు ఈ బైబిలమ్మ అనే మాట ఎక్కడిదో చూద్దాం. నేను ముందు మన పల్లెల్లో పుట్టిన మాట అనుకున్నా. కాదు. 1857లో లండన్‌లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆమె ఒక పని మొదలుపెట్టింది. పేదవాడల్లోకి పెద్దింటి ఆడవాళ్ళు పోయి చెప్తే ఎవరూ వినరు. ఆ వాడలోనే పుట్టిన పేదరాలికి జీతమిచ్చి, బైబిళ్ళు ఇచ్చి, ఇంటింటికీ పంపింది. ఆమెను బైబిల్ ఉమన్ అన్నారు. ఆ పద్ధతి కొన్నేళ్లలోనే మిషన్ల వెంట మన దేశానికి వచ్చింది. లండన్ మురికివాడ కోసం పుట్టిన ఉద్యోగం, నల్లగొండ మాదిగవాడలో మా ముత్తవ్వకు దొరికింది.

కానీ పేరు రాకముందే మనిషి ఉంది. ఒంగోలులో ఒక కొండ ఉంది, ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగాయన, ఇంకా జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు. అప్పటికి నెల్లూరు మిషన్ మూతపడే స్థితిలో ఉంది. అన్నేళ్ళ ఖర్చుకు పట్టుమని ఫలితం లేదు, మూసేద్దామని అమెరికాలో చర్చ. తెలుగు బాప్టిస్టుల చరిత్ర ఎవరు చెప్పినా ఈ కొండతోనే మొదలుపెడతారు. జూయెట్ దొర గురించి చాలా చెప్తారు. జూలియా, రూతు గురించి ఒక్క లైను. ఐదుగురిలో ఇద్దరు, అయినా ఒక్క లైను.

తర్వాత జాన్ క్లౌ వచ్చాడు. మనవాళ్ళు క్లౌ దొర అనేవారు. 1866లో ఒంగోలు చేరాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన, భార్య నాగమ్మతో సహా ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ పేరయ్య కథ నాకు చాలా ఇష్టం. ఆయన తోళ్ల వ్యాపారం చేసేవాడు, అంతకుముందు రాజయోగం సాధన చేసినవాడు. ఆ యోగం ఆయనకు నేర్పింది వీరమ్మ అనే ఒక స్త్రీ గురువు. అంటే చూడండి, మాదిగవాడల్లో ఆడమనిషి గురువుగా కూర్చోవడం మిషన్ దొరలు తెచ్చిపెట్టింది కాదు. ముందు నుంచే ఉంది. దొరల రిపోర్టులు చదివితే మాత్రం మన ఆడవాళ్ళకు నోరు వాళ్ళే ఇచ్చినట్టుంటుంది. ఈ సంగతులు రాసిపెట్టిన వాళ్ళలో క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒకరు. 1899లో మాదిగల జీవితం మీద ఒక పుస్తకం వేసింది. పేరు తెలుగులో చెప్పాలంటే 'చెప్పులు కుడుతూ' అని. ఈమె అంతకుముందు స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుంది. ఒంగోలులో కూర్చుని మాదిగ స్త్రీల మాటలు శ్రద్ధగా విన్నదంటే ఊరికే కాదు.

1876 నుంచి 78 వరకు పెద్ద కరువు. ధాత కరువు అని మీరు వినే ఉంటారు, దాని లెక్క మీకు వేరే ఎపిసోడ్‌లో చెప్పాను. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె పుస్తకాల్లో బాగా ఫేమస్. గింజల కోసం వచ్చారా, నమ్మి వచ్చారా అని అప్పుడూ వాదించారు, ఇప్పుడూ వాదిస్తారు. ఆకలితో ఉన్న మనిషి నమ్మకాన్ని పక్కన కూర్చుని తూకం వేసే హక్కు నాకైతే లేదనిపిస్తుంది.

అక్కడి నుంచి ఈ కథ కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి వస్తుంది. నల్లగొండకు 1890లో వచ్చిన మిషనరీలు అబ్రహాం ఫ్రీజన్, మరియా ఫ్రీజన్. అమెరికన్లు కాదు, ఇంగ్లీషువాళ్ళు కాదు. రష్యా సామ్రాజ్యం దక్షిణ భాగం నుంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ నుంచి వచ్చిన, జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ బ్రెదరెన్. అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశారు. ఇక్కడ నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఎందుకంటే మెన్నోనైట్లూ క్వేకర్లూ దాయాదుల్లాంటివాళ్ళు. యుద్ధం చేయరు, ఒట్టు పెట్టరు. 1935 నుంచి ఈ రెండింటినీ, బ్రెదరెన్ చర్చినీ కలిపి శాంతి సంఘాలు అనడం వాడుక అయింది. 1688లో ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో బానిసత్వం తప్పు అని అమెరికాలో మొట్టమొదటి నిరసన పత్రం రాసిన క్వేకర్లలో మెన్నోనైట్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. మా అక్క ఆఫీసు ఆమె ముత్తవ్వకూ, మా ముత్తవ్వకూ మధ్య అట్లా ఒక సన్నటి దారం కనిపించింది.

దారం సన్నదే, ఎక్కువ లాగొద్దు. మన తెలుగు నేల మీద క్వేకర్ మిషన్ లేదు. క్వేకర్ల తరఫున రేచల్ మెట్‌కాఫ్ అనే ఆమె 1866లో ఇండియాకు వచ్చింది, వాళ్ళ పని మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ వైపు సాగింది. ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. క్వేకర్లు ఆడమనిషిని మినిస్టర్ అని పుస్తకంలో రాశారు. మా దగ్గర మిషన్లు ఆడమనిషితో అదే పని చేయించుకుని, ఆ పేరు ఇవ్వలేదు. బైబిలమ్మ చెప్పొచ్చు, పాడొచ్చు, నేర్పొచ్చు, జబ్బుపడినవాళ్ళ దగ్గర కూర్చోవచ్చు. బాప్తిస్మం ఇవ్వకూడదు. ప్రభు భోజనం ఇవ్వకూడదు. ఆమె తయారుచేసిన మనుషులకు చివర్లో ఒక పాస్టర్ వచ్చి నీళ్లలో ముంచి రిజిస్టర్‌లో సంతకం పెడతాడు.

ఇప్పుడు నాయనమ్మ చెప్పింది చెప్తా. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

ముత్తవ్వకు చదువు పెళ్లయ్యాక వచ్చింది. భర్త సువార్తికుడు, మిషన్ బళ్ళో కొంత చదివినవాడు. రాత్రిపూట పొయ్యి ముందు బూడిద పరిచి, వేలితో అక్షరాలు దిద్దించాడట. రామాయపట్నంలోని బాప్టిస్ట్ సెమినరీలో సువార్తికులతో పాటు వాళ్ళ భార్యలకూ పాఠాలు చెప్పే పద్ధతి ఉండేది, తునిలో కెనడియన్ బాప్టిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు ఆడవాళ్ళ కోసమే బైబిల్ ట్రైనింగ్ స్కూళ్ళు పెట్టారు. మా ముత్తవ్వకు అవేవీ లేవు. బూడిదే పలక. తర్వాత మిషన్ బంగ్లాలో కొన్ని నెలలు కూర్చోబెట్టి కథలు, పాటలు నేర్పించారు. నెలకు కొన్ని రూపాయలు జీతం. ఎన్ని రూపాయలో నాయనమ్మకు గుర్తులేదు, "జొన్నలకు సరిపోయేటివి" అన్నది.

దేవరకొండ రోడ్డు వైపు ఊళ్లు. తెల్లచీర, చేతిసంచి, లాంతరు. పొద్దున పోతే ఆడవాళ్ళు కూలికి పోతారు కాబట్టి పొద్దుగూకినాక పోయేది. ముందు పాట అందుకునేది, పది మంది పోగయ్యాక కథ. కథ అయ్యాక అక్షరాలు. కళ్ళకలకకు మందు, పురుడొస్తే మంత్రసానితో పాటు కూర్చోవడం. "అవ్వ జెప్తే ఏడుపొచ్చేది, నవ్వొచ్చేది, మొగోళ్ళు గూడ గోడ చాటుకు నిలబడి వినేటోళ్ళు" అన్నది నాయనమ్మ. అప్పటి నిజాం రాజ్యంలో ఆడపిల్ల చదువు అంటే పట్నంలో పెద్దిళ్ల మాట. వెట్టిచాకిరీ నడుస్తున్న కాలం. గడీ ముందు నుంచి చెప్పులు తొడుక్కుని పోయే ధైర్యం ఎవరికీ లేదు. ఆ రోజుల్లో మాదిగింటి ఆడమనిషి పుస్తకం పట్టుకుని ఊరి మధ్య నుంచి నడవడం, మీరే ఊహించుకోండి.

ఒక సంఘటన నాయనమ్మ కళ్ళారా చూసింది. అప్పుడు ఆమెకు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. ఒక ఊళ్ళో దొరసాని మనిషిని పంపించి ముత్తవ్వను పిలిపించింది. తల్లీకూతుళ్ళు భయపడుతూ పోయారు. గడీ వెనక వాకిట్లో, గుమ్మానికి దూరంగా నిలబెట్టారు. దొరసాని కూతురు అత్తగారింటి నుంచి ఉత్తరం రాసింది. ఇంట్లో చదవగలిగిన మగవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళతో చదివించుకునే ఉత్తరం కాదు అది. దొరసాని ఆ ఉత్తరాన్ని నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. ముత్తవ్వ వంగి తీసుకుని, లోగొంతుతో చదివింది. ఒకసారి చదివాక, ఇంకోసారి చదవమంది. రెండోసారి చదివేటప్పటికి దొరసాని ఏడుస్తోంది, ముత్తవ్వా ఏడుస్తోంది. చదివి, మడిచి, మళ్ళీ నేల మీదే పెట్టింది. దొరసాని దాని మీద నీళ్లు చల్లి తీసుకుంది.

ఆ ఉత్తరంలో ఏముందే అని అడిగాను. "అవ్వ ఎవలకు జెప్పలే. నాకు గూడ జెప్పలే. నేను ఇన్నగని నాకు సమజ్ గాలే" అన్నది. నీళ్లు చల్లడం మాత్రం నాయనమ్మకు బాగా సమజ్ అయింది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి అట్లా చిలకరించి చూపించింది.

పెన్సిల్ గీతలు ఒకచోట ఆగిపోయాయి. 1947, 48లో నల్లగొండ జిల్లా ఎట్లా ఉందో మీకు తెలుసు. ఒకపక్క సంఘం దళాలు, ఒకపక్క రజాకార్లు. రాత్రిపూట లాంతరు పట్టుకుని ఊరు దాటే పరిస్థితి లేదు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా ఆమె మళ్ళీ తిరగలేదు. అప్పటికి భర్త పోయాడు, మోకాళ్ళు పోయాయి.

ఇవన్నీ విన్నాక నాకు కాగితం కావాలనిపించింది. క్వేకర్లకు ఉన్నట్టు మాకూ ఒక కాగితం. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర గాంధీనగర్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది. చెంగిచెర్ల నుంచి ఉప్పల్ పోయి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని పోయాను. పాత మిషన్ రిపోర్టులు తిరగేస్తే పట్టికలు కనిపించాయి. స్టేషన్ల పేర్లు ఎడమ పక్కన, పైన కాలమ్‌లు: అభిషేకం పొందిన పాస్టర్లు, పొందని సువార్తికులు, టీచర్లు, బైబిల్ ఉమెన్. ఆ చివరి గడిలో ఒక అంకె. పేర్లు లేవు. ఆ అంకెలో ఒకటి మా ముత్తవ్వ కావచ్చు. ఒక స్టేషన్‌లో ఒక ఏడు అంకె పెరుగుతుంది, ఇంకో ఏడు తగ్గుతుంది. తగ్గితే ఎవరైనా చనిపోయారా, జీతం ఆపేశారా, పెళ్ళయి వెళ్ళిపోయారా, పట్టిక ఏమీ చెప్పదు.

తర్వాత నల్లగొండ వైపు ఒక ఊరి చర్చిలో పాత బాప్తిస్మపు రిజిస్టర్ చూడనిచ్చారు. మా ముత్తాత పేరు దొరికింది, చక్కటి గుండ్రటి అక్షరాల్లో. తండ్రి పేరు, ఊరు, తేదీ. దాని కింది లైనులో రెండే మాటలు: 'పైవాని భార్య'. నేను ఆ పేజీని చాలాసేపు చూశాను. ఆమె చేతిరాత నా సంచిలో ఉంది. ఇరవై ఊళ్ల పేర్లు తప్పు లేకుండా రాయగలిగిన మనిషి. రిజిస్టర్‌లో మాత్రం పైవాని భార్య.

అప్పుడే ఈ ఎపిసోడ్ చేయాలని నిర్ణయించుకున్నా. ముత్తవ్వ పేరు టైటిల్‌లోనే పెడదామనుకున్నా. కానీ ఒక ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసింది మా మామయ్య, అంటే నాయనమ్మ తమ్ముడి కొడుకు. నాయనమ్మ తమ్ముడిని మేము చిన్నతాత అనేవాళ్ళం, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఊళ్ళో తిరిగిన సంగతి మామయ్యకు తెలిసింది. కోపంగా లేడు. బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. "బిడ్డా, నువ్వు ఏమన్న చెప్పుకో, అవ్వ పేరు మాత్రం పెట్టకు. ఊరి పేరు పెట్టకు. మా పిల్లగాళ్ళ సర్టిఫికెట్ల సంగతి నీకు ఎరికే గద."

ఎరికే. మీకు తెలియకపోతే చెప్తా. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఇచ్చారు. దాని మూడో పేరా ప్రకారం హిందూ మతంలో ఉన్నవాళ్ళే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు, వాళ్ళ సంతానం మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ అయితే బీసీ-సీకి 1 శాతం. అట్రాసిటీ చట్టం రక్షణా ఉండదు. ఊళ్ళో మాత్రం వాడ అదే, బావి అదే, తిట్టు అదే. దీని మీద సుప్రీంకోర్టులో కేసు ఏళ్ల తరబడి నడుస్తోంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసేయమని చెప్పింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు.

మా కుటుంబం ఆ మూడో పేరా దగ్గర రెండుగా చీలింది. మా తాత బీసీ-సీ కాగితంతోనే ఉన్నాడు, నాచారంలో ఫ్యాక్టరీ పని చేసుకుని బతికాడు. చిన్నతాత చర్చికి పోవడం మానేశాడు. ఊరికే కాగితం కోసం కాదు, నిజంగానే మానేశాడు, గుడికి పోయాడు, పిల్లల పెళ్ళిళ్ళు అట్లాగే చేశాడు. వాళ్ళ కాగితంలో అబద్ధం లేదు. కానీ భయం ఉంది. ఎవడో ఒకడు ఫిర్యాదు రాస్తే, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాలి, మీ అవ్వ బైబిలమ్మ కదా అని ఎవరో అడుగుతారు. అందుకే ఆ ఇంట్లో ముత్తవ్వ ఫోటో తీసేశారు. అందుకే నాయనమ్మ ఇన్నేళ్ళు నోరు తెరవలేదు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదన్నది సగమే నిజం. తమ్ముడి పిల్లల కోసం చెప్పలేదు.

మొదట నాకు చిన్నతాత మీద కోపం వచ్చింది, దాచను. తల్లిని దాచిపెట్టిన కొడుకు అనుకున్నా. తర్వాత లెక్క వేసుకుంటే, వాళ్ళింట్లో ముగ్గురు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నారు. మా ఇంట్లో నేను గ్రూప్స్‌కు రెండుసార్లు రాసి ఇప్పుడు మీ ముందు కూర్చున్నా. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంకో వైపు కూడా ఆలోచిస్తుంటా. 2013లో సీఎస్ఐ నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్, మన కర్నూలు జిల్లా ఆమె. ఆ రోజు పేపర్లన్నీ మొదటి స్త్రీ అని రాశాయి. పదవి వరకు అది నిజమే. కానీ లాంతరు పట్టుకుని తిరిగిన వాళ్ళను ఏమని లెక్కేస్తాం? ఆ పట్టికలోని అంకెలను ఏమంటాం?

మామయ్యకు మాట ఇచ్చాను. అందుకే ఇంతసేపూ మీకు పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, ఫోటో చూపించలేదు. మొదట్లో టైటిల్ చూసి, రిజిస్టర్‌లో లేదంటున్నావు, నువ్వైనా చెప్పొచ్చు కదా అనుకుని ఉంటారు. చెప్పలేను.

మొన్న ఆదివారం నాయనమ్మ దగ్గర కూర్చుని ఆ పుస్తకం చివరి పేజీ తెరిచాను. ఊళ్ల జాబితా కింద కొంచెం ఖాళీ ఉంది. పెన్సిల్ చేతికిచ్చాను. నాయనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆమెకు రాయడం నేర్పింది ముత్తవ్వే, అదే పొయ్యి ముందు. ముందు ముత్తవ్వకు తల్లిదండ్రులు పెట్టిన పేరు రాసింది, ఊరి దేవత పేరు అది. దాని పక్కన బాప్తిస్మం పేరు. చెయ్యి వణుకుతోంది, రెండో పేరులో ఒత్తు తప్పింది. రబ్బరు తెస్తా అంటే వద్దన్నది. కిందికి వంగి, ఒక గీత గీసింది. అదేంటే అంటే, "ఇయ్యాల మనింటికి గూడ వచ్చింది గద" అన్నది.

వచ్చే వారం మళ్ళీ కాకతీయుల దగ్గరికి పోదాం, రుద్రమదేవి శాసనాలు మిగిలిపోయాయి. ఉంటా మరి.